ఉత్తరువుకూ ఊరికీ నడుమ: నవలాకారుడు వట్టికోట ఆళ్వారుస్వామి

సంఘం మారినదని చెప్పవలసివచ్చినప్పుడు చరిత్రకారుడు సాధారణంగా రెండు తేదీలు చూపుతాడు. ఒకటి, ప్రభుత్వం ఉత్తరువు వెలువరించిన తేదీ. రెండవది, ప్రభుత్వమే మారిన తేదీ. ఈ రెండు తేదీల నడుమ పల్లెలోని మనిషి ఎట్లు బ్రతికినాడు? ఆ ఉత్తరువు అతని గడపదాక వచ్చినదా? వచ్చినా దానిని చదివి అతనికి చెప్పినవారెవరు? ఈ ప్రశ్నలకు తేదీలు జవాబు చెప్పలేవు. గెజెటు కాగితానికి ఆ సంగతి తెలియదు. అది చెప్పవలసినవాడు నవలాకారుడు.

తెలంగాణలో ఆ బాధ్యతను మొదట తలకెత్తుకొన్న నవలాకారుడు శ్రీ వట్టికోట ఆళ్వారుస్వామి. ఆయన నల్లగొండ జిల్లాలో పుట్టినవారు. ఈ ప్రసంగంలో మనం పదే పదే తలచుకోబోయే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలు పాత కరీంనగరు జిల్లాలోని ఊళ్ళు. అయినా ఆయన నవల చెప్పిన కథ ఈ ఊళ్ళ కథ కూడ. అంతేకాదు, ఆయన కలం ఆగినచోట నుండి ఆ కథను ముందుకు నడిపినవి ఈ ఊళ్ళే. ఆ సంబంధం ఎట్టిదో తెలిసికొనటానికి ముందు నాటి పల్లె స్థితిని కొంచెం గుర్తుచేసుకోవాలి.

మానేరు ఒడ్డున ఉన్న సిరిసిల్ల మగ్గాల ఊరు. జగిత్యాల పద్ధెనిమిదవ శతాబ్దిలో కట్టిన నక్షత్రాకారపు కోట ఉన్న ఊరు. కోరుట్ల వర్తకానికీ, బీడీల పనికీ పేరుపడిన ఊరు. 2016లో జరిగిన జిల్లాల పునర్విభజనలో సిరిసిల్ల, జగిత్యాల వేర్వేరు జిల్లాలకు కేంద్రాలైనవి. కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరినది. అంతకు పూర్వం ఈ మూడూ కరీంనగరు జిల్లాలోనివి. 1905కు ముందు ఆ జిల్లాకు ఎలగందల అని పేరు. నిజాముల ఏలుబడిలో ఈ ప్రాంతపు పల్లెలకు హైదరాబాదు ఎంత దూరమో, గడీ అంత దగ్గర. ఊరి నడుమ ఎత్తయిన గోడలతో నిలిచిన దొరగారి గడీయే రైతుకు కచేరీ, ఠాణా, న్యాయస్థానం కూడ.

ఆ గడీకి ఊరంతా వెట్టి చేయవలసివచ్చేది. కుమ్మరి కుండలివ్వాలి. చాకలి బట్టలుతకటమే కాక దొరగారింట శుభకార్యమైతే ఇంటిల్లిపాదితో పోయి పని చేయాలి. చెప్పులు కుట్టేవాడు చెప్పులూ, మోటకు తోలుబొక్కెనలూ ఇవ్వాలి. రైతు తన పొలం పదునారిపోతున్నా ముందుగా దొర పొలంలో నాగలి కట్టాలి. అధికారి గ్రామానికి వస్తే బండ్లు తోలవలసినదీ, కోళ్ళూ పాలూ సమకూర్చవలసినదీ ఊరివారే. వీటికి కూలి లేదు. పైగా తప్పు జరిగినదని దొర తలిస్తే దండుగ. అప్పు తీర్చలేక కుదిరిన జీతగాడు తన జీవితమేగాక కొడుకు జీవితం కూడ ఆ అప్పు క్రింద రాసియిచ్చినట్లే. అటువంటివారిని భగేలాలని పిలిచేవారు.

ఇదంతా చట్టసమ్మతమా? కాదు. ఇక్కడే అసలు విషయం ఉన్నది. వెట్టిని కట్టడి చేస్తూ, పనికి కూలి ఇవ్వాలని చెప్పే ఉత్తరువులు నిజాం ప్రభుత్వంలో కూడ ఉండినవి. భగేలా ఒడంబడికలను అదుపుచేస్తూ 1936లో ఒక శాసనమే వచ్చినది. కాగితం మీద రైతుకు కొంత రక్షణ కలదు. ఆ కాగితం ఉర్దూలో ఉన్నది, రైతు తెలుగువాడు. తెలుగులో ఉన్నా చదువగలవాడు కాడు. చదువగలిగిన పటేలు, పట్వారీలు గడీ పక్షం. పొలం ఎవరి పేర వ్రాయబడియున్నదో చెప్పే పహాణీ కూడ పట్వారీ దస్త్రంలోనే ఉండేది. తాతలనాటి చెలక ఎన్నడు పరాయిదైపోయినదో, దానిని దున్నే రైతుకు తెలిసేదికాదు. కొరడాకంటె కాగితానికి భయపడవలసిన కాలమది.

బడులలో బోధన కూడ ఉర్దూలోనే సాగేది. సిరిసిల్ల తాలూకా హనుమాజీపేటలో 1931లో పుట్టిన ఆచార్య సి. నారాయణరెడ్డి పట్టభద్రులయ్యేవరకు ఉర్దూ మాధ్యమంలోనే చదివినారు. ఆయనే తరువాత తెలుగు కవిగా ‘విశ్వంభర’ రచించి 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారాన్ని అందుకొన్నారు. బడిలో దొరకని భాషను ఆ తరంవారు గ్రంథాలయాలలో, పత్రికలలో, పాటలలో వెదకి సంపాదించుకొన్నారు.

ఈ వెదకులాట ఉద్యమంగా మారటానికి ఒక అవమానం కారణమైనది. 1921 నవంబరు 12న హైదరాబాదులోని వివేకవర్ధిని నాటకశాలలో సంఘసంస్కార సభ జరిగినది. మహర్షి కార్వే అధ్యక్షులు. ఆ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా కొందరు గేలిచేసి కూర్చుండబెట్టినారు. ఆ రాత్రే కొందరు తెలుగువారు కూడి ఆంధ్ర జనసంఘానికి పునాది వేసినారు. ఆ సంఘం చేసిన పనులలో చరిత్ర గ్రంథాలు చిన్నమాటగా వదిలివేసే పని ఒకటున్నది. వెట్టిచాకిరి, వర్తక స్వాతంత్ర్యం, మోతుర్ఫా పన్ను వంటి విషయాలమీద ప్రభుత్వ నిబంధనలేమిటో వివరిస్తూ తెలుగులో చిన్న చిన్న పుస్తకాలు అచ్చువేసి పంచినారు. అందులో ప్రభుత్వాన్ని ధిక్కరించే మాట ఒక్కటీ లేదు. ప్రభుత్వం చెప్పినదానినే ప్రజలకు చదివి వినిపించినారు. దానికే గడీలు ఉలిక్కిపడినవి.

జనసంఘం ఎదిగి ఆంధ్ర మహాసభ అయినది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదటి సమావేశం, 1931లో దేవరకొండలో, 1934లో ఖమ్మంలో తరువాతి సమావేశాలు జరిగినవి. నాల్గవది 1935లో సిరిసిల్లలో జరిగినది. అధ్యక్షులు మాడపాటి హనుమంతరావుగారు. దానితోబాటు జరిగిన మహిళాసభకు మాడపాటి మాణిక్యమ్మగారు అధ్యక్షురాలు. బహిరంగసభలను కట్టడిచేసే ‘గస్తీ నిషాన్ తిర్పన్’ అమలులో ఉన్న రోజులవి. ఆ సభలు కోరిన కోర్కెలు నేడు చూస్తే ఎంతో మెత్తనివిగా తోస్తవి: మాతృభాషలో ప్రాథమిక విద్య, గ్రంథాలయాలు, వెట్టి నివారణ, రైతుకు కొంత ఊరట. కాని మగ్గం ముందు కూర్చున్న నేతగాడూ, పక్కపల్లెల నుండి వచ్చిన రైతూ తమ బాధను తమ భాషలో వేదికమీద వినటం సామాన్యమైన సంఘటన కాదు. విన్నమాట ఊరికి పోతుంది. ఊరికి పోయిన మాట ప్రశ్న అవుతుంది.

ఈ ప్రశ్న పుట్టుకనే కథగా చెప్పినవారు ఆళ్వారుస్వామి.

ఆయన 1915లో నకిరేకల్లు దాపులనున్న మాధారంలో పేద వైష్ణవ కుటుంబంలో జన్మించినారు. చిన్నతనంలోనే తండ్రి గతించినారు. చదువుకోవాలన్న కోరిక బలంగా ఉన్నది, చదివించేవారు లేరు. ఒక ఉపాధ్యాయుని ఇంట వంటచేసిపెట్టి అక్షరాలు నేర్చుకొన్నారు. తరువాత విజయవాడ చేరి ఒక హోటలులో సర్వరుగా పనిచేస్తూ ఇంగ్లీషు కూడ కొంత అభ్యసించినారు. హైదరాబాదు వచ్చి గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దినారు. కళాశాల గడప తొక్కని ఈ మనిషికి అచ్చుయంత్రమే పాఠశాల, ప్రూఫు కాగితమే పాఠ్యపుస్తకం.

1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించినారు. మూలధనమేమీ లేదు. మిత్రుల చందాలూ, తన కాళ్ళూ తప్ప. ముప్పైకి పైగా పుస్తకాలు ప్రచురించి, ఆ కట్టలు తానే మోసుకొని ఊరూరూ తిరిగి అమ్మినారు. సభ జరిగినచోటికి పుస్తకాల మూటతో పోయేవారు. కొనలేనివారికి చదివి వినిపించేవారు. ఈనాడు ప్రచురణకర్త వేరు, గ్రంథకర్త వేరు, పుస్తక విక్రేత వేరు. ఆళ్వారుస్వామి ఈ ముగ్గురూ కావటమేగాక అవసరమైనచోట నాల్గవవాడు, అంటే పాఠకుడు కూడ తానే అయినారు. నవల వ్రాయటానికి ఎన్నో ఏండ్ల ముందే ఆయన తన నవలకు కావలసిన పాఠకులను తయారుచేసుకొన్నారని చెప్పవచ్చు.

గ్రంథాలయోద్యమంలోనూ, ఆంధ్ర మహాసభలోనూ, నగరంలోని శ్రామికుల సంఘాలలోనూ ఆయన పనిచేసినారు. 1942 ఉద్యమంలో జైలుకు పోయినారు. తరువాత కమ్యూనిస్టు ఉద్యమంలో చేరి మరల కొన్ని సంవత్సరాలు వేర్వేరు జైళ్ళలో గడిపినారు. 1948లో నిజామాబాదు జైలులో ఆయనకు తోడుగా ఉన్నవారు కవి దాశరథి కృష్ణమాచార్య. దాశరథి బొగ్గుతో జైలు గోడలమీద పద్యాలు వ్రాసిన కథ తెలుగుదేశంలో అందరూ ఎరిగినదే. దాశరథి తన ‘అగ్నిధార’ను ఆళ్వారుస్వామికే అంకితమిచ్చినారు. ఆళ్వారుస్వామి మాత్రం జైలులో రాజకీయఖైదీలకంటె మామూలు నేరస్థులనే ఎక్కువగా గమనించినట్లున్నది. దొంగలుగా, హంతకులుగా ముద్రపడినవారి వెనుకనున్న ఆకలినీ, అన్యాయాన్నీ చూచి ‘జైలు లోపల’ అనే కథాసంపుటిలో వారిని మనముందు నిలిపినారు. నేరానికి ముందున్న జీవితాన్ని తవ్వి చూచే ఈ అలవాటే నవలలో ఆయనకు అక్కరకు వచ్చినది.

ఆ నవల ‘ప్రజల మనిషి’. 1955లో వెలువడినది. తెలంగాణ నుండి వచ్చిన తొలి రాజకీయ నవలగా విమర్శకులు దీనిని పేర్కొంటారు. కథాస్థలం దిమ్మెగూడెం అనే పల్లె. కాలం ముప్పైలు, అంటే సిరిసిల్లలో సభ జరిగిన రోజులే. దేశ్‌ముఖు రామభూపాలరావు చేతిలో ఆ ఊరు నలుగుతుంటుంది. వైష్ణవ అర్చక కుటుంబంలో పుట్టిన కంఠీరవం అనే యువకుడు ఆ కుటుంబపు భూమి గడీపాలు కావటం చూస్తాడు. ఊరు వదలి లోకం చూస్తాడు. గ్రంథాలయం, పత్రిక, ఆంధ్ర మహాసభ అతనికి కొత్త చూపునిస్తవి. ఊరికి తిరిగివచ్చి ఊరివారితో కలసి నిలబడతాడు. జైలుకు కూడ పోతాడు. అతనికి ఊరు పెట్టుకొన్న పేరే ప్రజల మనిషి.

ఇంతవరకు చెప్పితే ఇది ఒక వీరుని కథగానే తోస్తుంది. కాని ఈ నవలలో మార్పు తెచ్చేది వీరుని భుజబలం కాదు. దిమ్మెగూడెంలో మార్పు మొదలయ్యేది కొందరు చదవటం, కొందరు వినటంతో. అర్జీ వ్రాయవచ్చునని తెలియటంతో. దండుగ కట్టినవాడు రసీదు అడగటంతో. బాంచెనని వంగిన మనిషి అడిగిన మొదటి ప్రశ్న గడీ గోడను ఎట్లు కదిలిస్తుందో ఆళ్వారుస్వామికి తెలిసినంతగా మరి ఎవరికీ తెలియదు. ఆయన పుస్తకాలమూటతో ఎన్ని ఊళ్ళు తిరిగినారో అన్నిచోట్లా దానిని కళ్ళారా చూచినారు.

నాటి మరొక క్లిష్టసమస్యను కూడ ఈ నవల దాటవేయలేదు. వెట్టి తప్పుతుందన్న ఆశతో ఊరి దళితులు మతం మార్చుకోవటం, వారిని తిరిగి తేవటానికి ఆర్యసమాజంవారు పూనుకోవటం ఆ రోజులలో పల్లెలను కలచివేసిన విషయాలు. సులభంగా ఒక పక్షాన్ని తిట్టి ఊరుకోవచ్చు. ఆళ్వారుస్వామి అట్లు చేయలేదు. మతం మార్చుకొన్నవానిని గాని, మార్చినవానిని గాని ప్రధానదోషిగా నిలబెట్టక, ఆ స్థితికి మూలం ఎక్కడున్నదని అడిగినారు. వెట్టి ఉన్నంతకాలం ఏ గుడిలో మ్రొక్కినా మనిషి వీపు మీది బరువు తగ్గదన్నది నవల సారాంశం. హైదరాబాదు రాష్ట్రంలో మతకలహాల వేడి ఇంకా మనసులలో ఉన్న రోజులలో ఇంత నిబ్బరంగా వ్రాయటం సాహసమే.

ఈ నవలకు లోపాలు లేవా? ఉన్నవి. శిల్పదృష్టితో చూస్తే కొన్నిచోట్ల కథ ఆగి ఉపన్యాసం మొదలవుతుంది. దొర అంతా నలుపు, ఉద్యమకారుడు అంతా తెలుపు అన్నట్లు తోచే ఘట్టాలున్నవి. గుంటూరు సీమ నుండి మూడు దశాబ్దాలకు ముందు వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’లో ఉన్న విస్తారమైన జీవనచిత్రణ ఇందులో లేదు. అదే కాలంలో ఉత్తరాన ప్రేమ్‌చంద్ 1936లో వెలువరించిన ‘గోదాన్’లో హోరి అనే రైతు గుండెలోతు ఎంత తెలుస్తుందో, కంఠీరవం గుండెలోతు మనకు అంత తెలియదు. కాని ఒక్క విషయంలో ఆళ్వారుస్వామిది ప్రత్యేకస్థానం. ఉన్నవవారు న్యాయవాది. ప్రేమ్‌చంద్ ఉపాధ్యాయుడు, పత్రికాసంపాదకుడు. వారు పల్లెను ప్రేమతో దగ్గరగా చూచి వ్రాసినవారు. ఆళ్వారుస్వామి అన్యుల ఇంట వంటవాడుగా, హోటలులో సర్వరుగా బ్రతికి, చదువు కొరకు చేయిచాచిన స్థితి నుండి లేచివచ్చి వ్రాసినవారు. అక్షరం అంటే ఏమిటో అది లేనివానికి తెలిసినంతగా ఉన్నవానికి తెలియదు. అందుకే ఆయన నవలలో పుస్తకం ఒక వస్తువు కాదు, ఒక పాత్ర.

దీని తరువాతి కాలపు కథను ‘గంగు’ అనే నవలలో చెప్పబూనినారు. ఈసారి కేంద్రంలో నిలిచినది స్త్రీ. అది పూర్తికాకముందే, 1961లో, నలుబదియారవ యేట ఆయన కన్నుమూసినారు. అసంపూర్ణంగానే ఆ నవల 1965లో అచ్చయినది. అంతకుముందు తెలంగాణ చరిత్ర సంస్కృతులమీద పలువురిచేత వ్యాసాలు వ్రాయించి ‘తెలంగాణము’ పేర సంకలనాలు కూడ ప్రకటించినారు. వ్రాయటంకంటె వ్రాయించటంలో ఎక్కువ కాలం వెచ్చించిన రచయిత ఆయన. అందుకే ఆయన సొంత పుస్తకాలు కొద్ది.

ఆ పనిని అందుకొన్నవారు దాశరథి రంగాచార్య. సాయుధపోరాటానికి ముందున్న తెలంగాణను ‘చిల్లర దేవుళ్ళు’లోనూ, పోరాటకాలాన్ని ‘మోదుగుపూలు’లోనూ, తరువాతి కాలాన్ని ‘జనపదం’లోనూ చిత్రించినారు. గడీలోని దాసీల బ్రతుకు, పల్లెప్రజల పలుకుబడి ఆయన నవలలలో మరింత నిండుగా వినిపిస్తవి.

ఇక మన మూడు ఊళ్ళకు తిరిగివద్దాం. 1944లో భువనగిరి సభతో ఆంధ్ర మహాసభ రెండుగా చీలినది.  సిరిసిల్ల ప్రాంతపు గాలిపల్లెకు చెందిన బద్దం ఎల్లారెడ్డి కమ్యూనిస్టు పక్షాన నిలిచి, 1952 ఎన్నికలలో కరీంనగరు నుండి లోకసభకు ఎన్నికైనారు. అనభేరి ప్రభాకరరావు దళం ఊరూరా తిరిగి పటేలు, పట్వారీల దస్త్రాలను తగులబెట్టినది. 1948 మార్చిలో ఆయన మహమ్మదాపురం గుట్టలలో ప్రాణాలర్పించినారు. తుపాకి పట్టినవాడు దస్త్రాన్ని ఎందుకు కాల్చినాడన్న ప్రశ్నకు ‘ప్రజల మనిషి’ చదివినవారికి వేరే వివరణ అక్కరలేదు. తనను కట్టివేసిన కాగితం ఏదో రైతుకు అప్పటికి తెలిసివచ్చినది.

తరువాత శాసనాలు వరుసగా వచ్చినవి. 1949లో జాగీర్ల రద్దు. 1950లో కౌలుదారీ చట్టం. 1973లో భూపరిమితి చట్టం. 1976లో వెట్టికార్మిక నిర్మూలన చట్టం. చివరి రెండూ వచ్చేనాటికి దేశం స్వతంత్రమై పాతికేండ్లు దాటినది. భూసంస్కరణలను పట్టుదలతో తలపెట్టిన ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావుగారు ఈ కరీంనగరు జిల్లా వంగర గ్రామంలోనే పెరిగినవారు. తరువాత ఆయన ‘ది ఇన్‌సైడర్’ అన్న ఆంగ్లనవలలో, చట్టం చేసే మందిరంలోనే అది ఎట్లు నీరుగారుతుందో చెప్పినారు. ఒకే సత్యాన్ని ఒక నవలాకారుడు ఊరివైపు నుండి, మరొకరు సచివాలయంవైపు నుండి చూచినారన్నమాట.

ఇన్ని చట్టాల తరువాత, 1978 సెప్టెంబరులో, జగిత్యాల పట్టణానికి చుట్టుపక్కల పల్లెల నుండి వేలాది రైతుకూలీలు ఊరేగింపుగా వచ్చినారు. దానికి జగిత్యాల జైత్రయాత్ర అని పేరు. వారు కోరినవేమి? వెట్టి మానుపవలెనని, కూలిరేట్లు పెంచవలెనని, దొరలు వసూలుచేసిన దండుగలు తిరిగి ఇవ్వవలెనని, ఆక్రమించిన ప్రభుత్వభూములు విడువవలెనని. ఈ కోర్కెల పట్టికను ముప్పైల నాటి దిమ్మెగూడెంవారి చేతికిచ్చినా వారు అక్షరం మార్చనక్కరలేదు. నలుబదియేండ్ల నడుమ ఎన్ని ఉత్తరువులు వచ్చినా ఊరికీ వాటికీ నడుమనున్న దూరం అంతగానే మిగిలినది. ఆ అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించినది. తరువాతి దశాబ్దాలలో హింస, ప్రతిహింస ఈ పల్లెలను చుట్టుముట్టినవి. ఎన్నో ఇండ్ల దీపాలారినవి. గడీలు ఖాళీ అయినవి. ఊళ్ళలోని యువకులు కూడ ఊళ్ళు విడిచిపోయినారు.

ఈ కాలానికి కూడ నవలాకారులు లభించినారు. మంథని దాపున గాజులపల్లిలో పుట్టిన అల్లం రాజయ్య జగిత్యాల, సిరిసిల్ల పల్లెల రైతుకూలీల కదలికను ‘కొలిమంటుకున్నది’, ‘ఊరు’ నవలలలో చిత్రించినారు. జగిత్యాలలో 1949లో పుట్టిన బి.ఎస్. రాములు ‘బతుకుపోరు’లో బీడీకార్మికుల జీవితాన్ని తీసుకొన్నారు. తునికాకు నానబెట్టి, కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టి దినమంతా వంగి కూర్చునే కోరుట్ల, జగిత్యాల స్త్రీలకు గడీ లేదు. వారి దొర కార్ఖానాలో బీడీల లెక్క చూచేవాడు. లెక్కకు వచ్చిన బీడీలలో బాగులేవని తీసివేసినవాటికి కూలి ఉండదు. 1966లో బీడీకార్మికులకు ప్రత్యేక చట్టం వచ్చినది. కాని ఇంటి అరుగుమీద కూర్చుని చుట్టే స్త్రీని కార్మికురాలిగా కాగితంమీద ఎక్కించుకోవటానికే పోరాడవలసివచ్చినది. కాగితం కథ మరల మొదటికి వచ్చినదని శ్రోతలు గమనించియుంటారు. ఈ రచయితయే 2016లో తెలంగాణ రాష్ట్రపు మొదటి వెనుకబడిన తరగతుల కమిషనుకు అధ్యక్షులైనారు.

సిరిసిల్లలో చేతిమగ్గం స్థానంలో సాంచెలు వచ్చినవి. ఆ మరమగ్గాలు నడిపే కార్మికులు పనిలేక, అప్పులు తీరక ఆత్మహత్యలు చేసుకొన్న దుర్దినాలను కూడ ఆ ఊరు చూచినది. మూడు ఊళ్ళనుండీ యువకులు గల్ఫుదేశాలకు పోయినారు. సిరిసిల్ల ప్రాంతపు గంభీరావుపేటకు చెందిన పెద్దింటి అశోక్‌కుమార్ ‘జిగిరి’ నవలలో ఎలుగుబంటిని ఆడించి పొట్టపోసుకొనే ఒక పేద ముస్లిం కుటుంబం కథ చెప్పినారు. ఎలుగును ఆడించటం నేరమని చట్టం చెప్పినది. చట్టం మంచిదే. కాని తమతో పెరిగిన ఆ జంతువునూ, దానితోబాటు కూటినీ వదులుకోవలసిన మనిషి గుండెలో ఏమి జరుగుతుంది? మంచి ఉత్తరువుకు కూడ ఊరిలో ఒక మూల్యం ఉంటుందని ఈ నవల గుర్తుచేస్తుంది. ఆళ్వారుస్వామి నాటి ప్రశ్న ఇక్కడ మరింత లోతుకు దిగినది.

మొత్తంమీద మనం తెలిసికోవలసినదేమి? తెలంగాణ నవల సంఘపరిణామాన్ని ఒడ్డున నిలబడి చూచి వ్రాసినది కాదు. ఆ పరిణామంలో పనిచేసిన చేతులే దానిని వ్రాసినవి. ఆళ్వారుస్వామి మొదట పుస్తకం మోసినారు, తరువాత పుస్తకం వ్రాసినారు. ఈ వరుసలోనే ఆయన ప్రాముఖ్యం ఉన్నది. ఉత్తరువు వ్రాసేవాడు అది అమలైనదనుకొంటాడు. చరిత్రకారుడు ఆ తేదీని నమోదుచేస్తాడు. నవలాకారుడు మాత్రం ఊరికి పోయి, ‘ఇది మీకు ఎవరైనా చదివి చెప్పినారా?’ అని అడుగుతాడు.

నేడు మన ఇండ్లలో చదువుకొన్నవారున్నారు. భూమి లెక్కలు యంత్రాలకెక్కినవి. పటేలు, పట్వారీల పదవులు పోయి దశాబ్దాలైనవి. అయినా కచేరీ కిటికీ ముందు కాగితం చేతబట్టుకొని, ఇందులో ఏమున్నదో చెప్పమని ప్రక్కవానిని అడిగే ముసలిరైతు కనబడని దినం లేదు. ఆ ప్రక్కవాడు మనమే అయినప్పుడు, ఒక్క నిమిషం ఆగి, ఆ కాగితాన్ని మొదటినుండి చివరిదాక అతనికి చదివి వినిపించటం చిన్నపని అనిపించవచ్చు. కాని వట్టికోట ఆళ్వారుస్వామి తన జీవితమంతా చేసినపని అదే.